బుధవారం గెంతే పడవ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు దాటి సందులోకి తిరిగితే సిద్దిరాములు షెడ్డు. దానికి బోర్డు లేదు, అవసరమూ రాలేదు. ఇంకా టూ స్ట్రోక్ బండ్లు నడుపుతున్న మొండివాళ్లందరికీ ఆ సందు తెలుసు. ముప్పై ఐదేళ్లుగా ఆయన పని ఒక్కటే, కంపెనీలు చేయడం మానేసిన బండ్లను చావనివ్వకపోవడం. మనిషి మంచివాడే. కాకపోతే ఒక తిక్క ఉంది. బండి బాగైపోయినా సరే, ఎందుకు చెడిందో తనకు తెలియకపోతే తాళంచెవి చేతిలో పెట్టడు. "మంచిగైంది గద, ఇయ్యరాదే" అని కస్టమరు మొత్తుకుంటే, "దానంతట అదే మంచిగైంది. మల్ల దానంతట అదే కరాబైతది" అంటాడు. ఈ జవాబు విని విసుక్కుని పక్క సందులోకి పోయినవాళ్లు కొందరున్నారు. పోనీలే అనుకుంటాడు.

ఆ తిక్క ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల కిందట లెక్కల సారొకాయన స్కూటరు తెచ్చాడు. అది పది నిమిషాలు నడిచి ఆగుతుంది, కాసేపుంటే మళ్లీ నడుస్తుంది. సిద్దిరాములు కార్బురేటరు కడిగి, ప్లగ్గు మార్చి ఇచ్చేశాడు. నాలుగో రోజు అది చౌరస్తా నడుమ ఆగింది. వెనకొచ్చే బస్సు ఆగలేదు. సారుకు ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది. దవాఖానలో సారు భార్యతో మాట్లాడుతుంటే అసలు సంగతి బయటపడింది. స్కూటరును వంటింటి పక్కనే పెడతారట. పెట్రోలు వాసన కొడుతున్నదని ఆమె ట్యాంకు మూతకున్న సన్నని బెజ్జాన్ని కొవ్వొత్తి మైనంతో మూసేసింది. గాలి పోయే దారి లేక పెట్రోలు దిగడం లేదు. అది తప్పని ఆమెకు తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఆనాటి నుంచి సిద్దిరాములు ముందు బండిని చూడడు, ఇంట్లోవాళ్లను అడుగుతాడు. ఎవరు నడుపుతరు, యాడ పెడ్తరు, ఎవరు తుడుస్తరు, పిల్లలేమన్న ముడతరా అని. పోలీసోడే నయమని కస్టమర్లు నవ్వుకుంటారు. అయినా ఆయన పట్టిన జబ్బుల్లో సగం అలా అడిగి పట్టినవే. షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పేది స్పానర్ల సైజులు కాదు, ఈ సంగతే.

ఇంత తెలిసిన మనిషి పడవ దగ్గర ఎలా బోర్లా పడ్డాడో చెప్పాలి.

మూసారాంబాగ్‌లో జోగారావు అని ఒకాయన ఉన్నాడు. కాకినాడ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది, మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఫైబరుతో నీళ్ల ట్యాంకులు, పార్కుల్లో పిల్లలు జారే బల్లలు చేస్తాడు. పోయిన వేసవిలో ఒక జలాశయంలో చిన్న బోట్ల పందెం పెడుతున్నారని తెలిసి ఆయనకు పూనకం వచ్చింది. పది అడుగుల పడవ, ఒక్కరే కూర్చోవాలి, వెనక పదిహేను హార్స్ పవర్ ఇంజన్ తగిలించుకోవాలి. నెలరోజుల్లో పడవ చేసేశాడు. సొరకాయంత తేలిగ్గా ఉందని ఆయన మురిపెం. పాత ఇంజనొకటి కొని సిద్దిరాములు దగ్గరికి తెచ్చాడు.

"టూ స్ట్రోకేనండి. మీ బండ్లకి అన్నయ్యలాంటిది," అన్నాడు.

ఇంజన్‌ను నీళ్ల డ్రమ్ములో ముంచి మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు సందులో సగం మంది చూడటానికి వచ్చారు. ఇంజన్ పాడింది. సిద్దిరాములుకు యాభై మూడేళ్ల వయసులో కొత్త బొమ్మ దొరికింది.

నడపడానికి తేలికైన మనిషి కావాలి. సిద్దిరాములు కూతురు అఖిల డిగ్రీ రెండో ఏడు. నలభై ఆరు కిలోలుంటుంది, వేసవిలో ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. "నేను నడుపుతా నాన్నా" అంది. జోగారావు చప్పట్లు కొట్టాడు. సిద్దిరాములు మాత్రం, "బోటు నా చేతిల అచ్చంగ దారికొస్తెనే, లేకుంటె లేదు" అన్నాడు. భార్య బాలలక్ష్మి ఆ సమయంలో లోపల పప్పు తాలింపు పెడుతోంది. ఆమె ఏమన్నదో ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే ఆమె ఏమీ అనలేదు.

పడవను ఎల్బీ నగర్‌లో వాళ్ల ఇంటి ముందే, చిన్న ట్రాలీ మీద తాటిపత్రి కప్పి ఉంచారు. మొదటిరోజు బయల్దేరేటప్పుడు చూస్తే పడవ ముక్కుకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది. సిద్దిరాములు దాన్ని పుటుక్కున తెంపేశాడు. "ఇది లారీ కాదు. దారం పోయి ఫ్యానుకు చుట్టుకుంటె ఇంజన్ ఖతం," అన్నాడు. ఫ్యానంటే ఇంజన్ కింద నీళ్లలో తిరిగే రెక్కలు. బాలలక్ష్మి దండ తీసుకుని లోపలికి పోయింది. సంగతి అంతటితో ముగిసిందని ఆయన అనుకున్నాడు. పెళ్లై ఇరవై నాలుగేళ్లయినా ఆయనకు అంతవరకే తెలుసు.

నాదర్‌గుల్ దాటాక ఒక చెరువుంది. చేపల సొసైటీ పెద్ద బక్కయ్యను అడిగి వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం పడవ దింపుకోవడానికి ఒప్పించారు. పైన శిక్షణ విమానాలు బొయ్యిమంటూ తిరుగుతుంటాయి, కింద వీళ్లు. ఎక్కించే ముందు అఖిల మణికట్టుకు సిద్దిరాములు ఎర్ర పట్టీ ఒకటి తగిలిస్తాడు. పట్టీకి మెలికల తాడు, తాడు రెండో కొస ఇంజన్ స్విచ్చుకు. మనిషి నీళ్లలో పడితే తాడు లాగుతుంది, ఇంజన్ ఆగుతుంది. లేకపోతే పడ్డ మనిషి చుట్టూ పడవ ఒంటరిగా తిరుగుతుంటుంది, కింద ఫ్యాను తిరుగుతూ. అందుకే ఆ పట్టీ ఆయన తన చేత్తోనే కడతాడు.

మొదటి బుధవారం పడవ గెంతింది. వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటగానే ముక్కు పైకి లేచి టప్పున కొట్టుకోవడం, మళ్లీ లేవడం, మళ్లీ కొట్టుకోవడం. ముక్కు మరీ లేచిందంటే గాలి కిందికి దూరి పడవను వెల్లకిలా తిప్పేస్తుందని జోగారావు చెప్పాడు. దీనికి మందు ఇంజన్ వాలులో ఉందట. బ్రాకెట్‌లో వరుసగా రంధ్రాలుంటాయి, పిన్ను ఏ రంధ్రంలో పెడితే ఇంజన్ అంత వాలుతుంది. సిద్దిరాములు పిన్నును ఒక రంధ్రం లోపలికి మార్చాడు.

ఆదివారం పడవ వెన్నలో కత్తిలా పోయింది. యాభై రెండు. అఖిల గట్టుకు వచ్చి, "నాన్నా, మస్తుంది!" అని అరిచింది. గట్టు మీద బిర్యానీ పొట్లాలతో వచ్చిన జనం ఈలలు వేశారు. పిన్నే కారణమని సిద్దిరాములు మీసం దువ్వుకున్నాడు.

బుధవారం అదే పిన్ను, అదే రంధ్రం, అదే అఖిల. పడవ గెంతింది.

ఆయన ఇంజన్‌ను అర అంగుళం పైకెత్తాడు. ఆదివారం బాగా పోయింది. బుధవారం గెంతింది. ఫ్యాను మార్చాడు. ఆదివారం బాగా పోయింది, బుధవారం గెంతింది. మొదట పెట్టినట్టే అన్నీ మళ్లీ వెనక్కి పెట్టి చూశాడు. ఆదివారం బాగా పోయింది. ఏం చేసినా ఆదివారం బాగుంటుంది, ఏం చేసినా బుధవారం బాగుండదు. ఇంజన్‌కు వారాలెలా తెలుస్తాయి? శనివారం పుట్టిన బండ్లు మొండివని నమ్మే ఉస్తాద్ దగ్గర ఆయన పని నేర్చుకున్నాడు గానీ, తను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మాలేమోనని భయం వేసింది.

ఇక అడగడం మొదలుపెట్టాడు. బుధవారాలు గాలి ఎటు నుంచి వీస్తుందని బక్కయ్యను అడిగాడు. "గాలా? గది దాని ఇష్టం," అన్నాడు బక్కయ్య. బుధవారం పెట్రోలు ఏ ట్యాంకరు నుంచి వస్తుందని బంకులో అడిగితే అక్కడివాళ్లు ఆయన్ని ఎగాదిగా చూశారు. పొద్దున ఏం తిన్నావని అఖిలను అడిగాడు.

"ఉప్మా."

"ఆదివారం?"

"ఉప్మానే. ఎందుకు?"

ఎందుకో ఆయనకే తెలియదు. షెడ్డులో ఒకరి బండి చెయిను మరొకరి బండికి వేశాడు. అన్నంలో మజ్జిగ పోసుకోబోయి మంచినీళ్లు పోసుకున్నాడు. బాలలక్ష్మి ఆ కంచం తీసి వేరే కంచం పెట్టింది. ఏమైందని అడిగింది కూడా. "బోటు పరేషాన్. నీకు సమజ్ కాదులే," అన్నాడు.

పడవను దించేటప్పుడు వెనక సిద్దిరాములు, ముక్కు దగ్గర జోగారావు పట్టుకుంటారు. ఒక ఆదివారం జోగారావు మూలిగాడు. "ఆదివారాలు బోటు బరువెక్కుతోందండీ, లేకపోతే మా ఇంట్లో మటన్ నాకు బరువెక్కుతోందో," అన్నాడు. అందరూ నవ్వారు. సిద్దిరాములు కూడా నవ్వాడు. ఆయన అప్పుడు పిన్ను చూసుకుంటున్నాడు. ఇంజన్ పనివాడు ఎప్పుడూ వెనకే చూస్తాడు.

పందెం ఇంకా పదకొండు రోజులుందనగా, బుధవారం పడవ ఎప్పటికన్నా ఎక్కువగా గెంతింది. ఒకసారైతే పడవ అడుగంతా గట్టు మీదికి కనిపించింది. సిద్దిరాములుకు ఒక్క క్షణం చెరువు కనిపించలేదు, చౌరస్తాలో పడి ఉన్న లెక్కల సారు స్కూటరు కనిపించింది. అఖిల ఒడ్డుకు రాగానే చెప్పేశాడు.

"ఆదివారం దాంక చూస్త. రీజన్ దొరకకుంటె నువ్వు పందెంల దిగవు."

"ఆదివారం మంచిగనే పోతది గద నాన్నా! పందెం గూడ ఆదివారమే!"

"అందుకే భయం. ఎందుకు మంచిగ పోతుందో తెల్వదు నాకు."

అఖిల హెల్మెట్ తీసి ట్రాలీ మీద పడేసి, దారంతా ముఖం పక్కకు తిప్పుకునే కూర్చుంది. పిల్ల ఏడుస్తోందని ఆయనకు తెలుసు. తన మాట తనకే అన్యాయంగా ఉంది. అయినా తాళంచెవి ఇవ్వడం ఆయనకు చేతకాలేదు.

ఆదివారం వచ్చింది. పడవ యాభై మూడు పోయింది. గట్టు మీద జనం కేకలు వేస్తుంటే సిద్దిరాములు ఒక్కడే చావు ఇంటికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. గెంతితేనన్నా తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. అంత బాగా పోయే పడవను ఏం చేయాలో ఆయనకు తోచలేదు. ట్రాలీ ఎక్కించాక ఎప్పటిలాగే అడుగున ఉన్న బిరడా తీసి లోపలి నీళ్లు వదిలాడు. నీళ్లు పచ్చగా వచ్చాయి. వేలితో ముట్టి వాసన చూశాడు. ఆయిలు కాదు, పసుపు. దాని వెనకే తెల్లటి గింజ ఒకటి జారి ఆయన బొటనవేలి మీద ఆగింది.

ఆయన లేచి మొదటిసారిగా పడవ ముక్కు వైపు నడిచాడు. మూత వేసిన ముక్కు కింద బిందె పట్టేంత ఖాళీ ఉంది. భుజం దాకా చెయ్యి దూర్చాడు. మెత్తటి గుడ్డ తగిలింది, గుడ్డ లోపల గుండ్రంగా, తడిగా ఏదో ఉంది. లాగాడు. పాత చీరలో మూటగట్టి ఇటూ అటూ కదలకుండా బిగించిన బూడిద గుమ్మడికాయ. ఒంటినిండా పసుపు, కుంకుమ. ఆ రోజు ఏదో అలకు పక్కన పగిలింది.

జోగారావు నేల మీద కూర్చుండిపోయాడు. "అయ్య బాబోయ్. ఆరు కిలోలుంటుందండీ. ముక్కు బరువు!" అన్నాడు. అఖిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆదివారాలు అన్నం కట్టుకుని తోడొచ్చే బాలలక్ష్మి కొంచెం దూరంలో డబ్బాలు విప్పుతోంది. తల ఎత్తలేదు.

"ఇది నువ్వు పెట్టినవా?"

"ఇంకెవరు పెడ్తరు? బయట కడితె తెంపినవ్, లోపల పెట్టిన. ఇంటికి పోయినంక దిష్టి దీసి మూలమలుపు కాడ పగలగొడ్త. మల్ల వారానికి కొత్తది."

"మరి బుధవారం ఎందుకు పెట్టలే?"

బాలలక్ష్మికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "బుధవారం జనమెక్కడుంటరు? జనం లేకుంటె దిష్టెక్కడిది?" అంది.

సిద్దిరాములు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఈ ఆరు వారాల్లో ఆయన విన్న మాటలన్నిటిలోకీ తలాతోకా సరిగ్గా ఉన్న మాట అదొక్కటే. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఆర్వారాల సంది నేను పిచ్చోని లెక్క తిరుగుతున్న. ఒక్క మాట చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా?" బాలలక్ష్మి ఇప్పుడు తల ఎత్తింది. "బక్కయ్యనడిగినవ్. బంకోళ్లనడిగినవ్. పిల్ల ఏం తిన్నదో అడిగినవ్. షెడ్డుకొచ్చిన ప్రతోనికి ఇంటోళ్లనడుగు, ఇంటోళ్లనడుగు అని చెప్తవ్. నీకు ఇల్లు లేదా? చంకల పిల్లను పెట్టుకొని ఊరంత ఎతికినట్టుంది నీ కథ."

జోగారావు ఉన్నట్టుండి విమానం ఏదో చూడాల్సినట్టు ఆకాశం వైపు తిరిగాడు. సిద్దిరాములుకు సిగ్గు వేసింది. దవాఖానలో సారు భార్య చెప్పినప్పుడు వేసినంత సిగ్గు.

బక్కయ్య చేపలు తూచే కాంటా మీద గుమ్మడికాయను పెడితే ఐదు కిలోల ఎనిమిది వందలు తూగింది. పందెంలో విడి వస్తువులు ఉండకూడదని రూలు. సిద్దిరాములు షెడ్డుకు పోయి, ఇన్నేళ్లుగా చచ్చిన బండ్ల నుంచి తీసి దాచిన గేరు చక్రాలు సరిగ్గా అంత తూకానికి ఏరి, పడవ ముక్కులో బోల్టులతో బిగించాడు. బుధవారం చెరువు మీద నరపురుగు లేదు, లోపల గుమ్మడికాయ లేదు. పడవ వెన్నలో కత్తిలా పోయింది. అఖిల కేక విని గట్టు మీది కొంగలు లేచిపోయాయి. కారణం దొరికింది. ఇక తాళంచెవి ఇవ్వకుండా ఉండటానికి సాకు లేదు. ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్ర పట్టాలి. పట్టలేదు. మనసులో ఏదో ఒక స్క్రూ వదులుగా ఉన్నట్టే ఉంది, ఏదో మాత్రం తెలియలేదు.

పందెం రోజు జలాశయం ఒడ్డున ఏడు పడవలున్నాయి. తనిఖీకి వచ్చినాయన ముక్కులో గేరు చక్రాలు చూసి, ఒకసారి కదిపి చూసి, సరేనన్నాడు. అఖిల హెల్మెట్ పెట్టుకుని పడవలో కూర్చుంది. ఇంకో పది నిమిషాలే ఉంది. సిద్దిరాములు ఎర్ర పట్టీ చేతిలో పట్టుకుని ఆగాడు. ఆ వదులు స్క్రూ ఏదో అప్పుడు తెలిసింది. పట్టీ వదిలి మెట్లెక్కి పైకి పోయాడు. బాలలక్ష్మి అక్కడ ఒంటరిగా, ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బాలమ్మా," అన్నాడు. ఆ పిలుపు ఆయన నోట వచ్చి చాలా ఏళ్లయింది. "పిల్లను పంపాల్నా? వద్దా?"

బాలలక్ష్మి ఆయన వైపు తిరిగింది.

"గీ మాట ఇప్పుడడుగుతున్నవా? మొదట్ల అడిగితె వద్దంటుంటి. ఎవ్వరు అడగకపాయె. అందుకే గుమ్మడికాయ కొనుక్కొచ్చిన."

"ఇప్పుడడుగుతున్న. వద్దంటె వద్దు. జోగారావుకు నేను చెప్పుకుంట."

బాలలక్ష్మి కిందికి చూసింది. అఖిల నీళ్ల మీద కూర్చుని, వీళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియక మెడ సాచి చూస్తోంది.

"గా ఎర్ర పట్టీ ఉంది సూడు," అంది బాలలక్ష్మి. "పిల్ల మణికట్టు సన్నం. నువ్వు ఎంత కట్టినా బోటు తిరిగేటప్పుడు జారి అరచేతిలకొస్తది. అది పండ్లతోని పైకి లాక్కుంటది. ఒడ్డు మీదికెల్లి నాకు కనవడ్తనే ఉంటది."

సిద్దిరాములు కింద పడవ వైపు చూశాడు. "ఎన్నిసార్లు?"

"ప్రతిసారి. మీరిద్దరు పెద్ద మేస్త్రీలు, మీకు తెలిసే ఉంటదనుకున్న."

ఆయన మెట్లు దిగలేదు, పరుగెత్తాడు. పట్టీ అఖిల మణికట్టుకు ఎప్పటిలాగే బిగించి, రెండు వేళ్లతో లాగాడు. అది గాజు జారినంత సులువుగా చేతిలోంచి ఊడి వచ్చింది. ఆరు వారాలు ఫ్యాను పట్టుకుని వెతికాడు, వాలు పట్టుకుని వెతికాడు. పిల్లను కాపాడాల్సిన ఒక్క తాడు ఇన్ని వారాలూ ఊడిపోయేలానే ఉంది, దాన్ని ప్రతిసారీ కట్టింది తన చేతులే. "ఏమైంది నాన్నా?" అంటోంది అఖిల. ఆయన పట్టీని ఆమె తొడకు, మోకాలి పైన చుట్టి బిగించాడు. లాగాడు, రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు, రాలేదు.

అవతల హారన్ మోగింది. మొదటి పడవలు కదులుతున్నాయి. జోగారావు "టైమవుతోందండీ!" అని అరుస్తున్నాడు. సిద్దిరాములు పడవ అంచు వదలలేదు. మెట్ల వైపు తిరిగి చెయ్యెత్తి పిలిచాడు.

"నువ్వొచ్చి సూడు!"

బాలలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని, చీర తడుస్తున్నా మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగింది. పట్టీని ఒకసారి లాగింది. ఇంకోసారి లాగింది. కూతురి హెల్మెట్ మీద చెయ్యి పెట్టి, కాసేపటికి తీసింది.

"ఇంక పోనీ," అంది.